అక్వేరియం ట్యూబ్‌లైటుకి ఇంట్లోనే రిఫ్లెక్టర్: మెరుపు కంటే వంపు ముఖ్యం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న ట్యాంకు, నల్ల ప్లాస్టిక్ మూత, లోపల 18 వాట్ల టీ8 ట్యూబ్ (26 మిల్లీమీటర్ల లావు రకం) ఒక్కటే. వెనక వరస కాడ మొక్కలు పైకి సాగిపోతూ కింది ఆకులు రాల్చేస్తున్నాయి. వంటింటి ఫాయిల్ తెచ్చి మూత లోపల అంటిస్తే కాస్త వెలుతురు పెరిగినట్టు అనిపించింది గానీ రెండు వారాలకే ఆవిరికి ఊడి వేలాడింది. ఇప్పుడు అద్దం ముక్కలు అంటించాలా, ఇంకో ట్యూబ్ పెట్టాలా అని అడిగారు. రెండూ వద్దు. ఉన్న ట్యూబ్ ఇచ్చే వెలుతురులో సగానికి పైగా మీ ట్యాంకులోకి రావడం లేదు, ముందు దాన్ని రప్పించుకుందాం.

ట్యూబ్‌లైటు చుట్టూతా ఒకేలా వెలుగుతుంది, పైకి ఎంతో కిందికి అంతే. దాన్ని పక్క నుంచి, అంటే గుండ్రంగా కనిపించే వైపు నుంచి ఊహించుకోండి. 30 సెంటీమీటర్ల వెడల్పు ట్యాంకు, నీటికి 5 సెంటీమీటర్ల పైన ట్యూబ్ మధ్య బిందువు ఉందనుకుంటే, అక్కడి నుంచి ముందు అంచుకి, వెనక అంచుకి గీసిన గీతల మధ్య కోణం దాదాపు 143 డిగ్రీలు. మొత్తం 360లో 143 అంటే నూటికి దాదాపు 40 వంతులు. మిగతా 60 వంతులు మూత లోపలికీ పక్కలకీ పోతోంది, నల్ల ప్లాస్టిక్ దాన్ని దాదాపు మొత్తం మింగేస్తుంది. మంచి రిఫ్లెక్టర్ ఆ 60లో చాలా భాగాన్ని వెనక్కి తిప్పగలదు, కాబట్టి నల్ల మూత నుంచి మొదలుపెట్టిన వాళ్లకి రెండు రెట్ల దాకా వెలుతురు పెరగడం ఈ లెక్క ప్రకారం సాధ్యమే. మూత లోపల ఇప్పటికే తెల్లగా ఉన్న వాళ్లు మాత్రం అంత ఆశించకూడదు, తెలుపు వాళ్లకి సగం పని చేసేసి ఉంటుంది.

ఫాయిల్ అంటించినా మీకు పెద్దగా తేడా రాకపోవడానికి కారణం ఫాయిల్ కాదు. మామూలు వంటింటి ఫాయిల్ కూడా తన మీద పడిన వెలుతురులో 85 శాతం పైనే తిప్పి కొడుతుంది. (మెరిసే వైపు బయటికి పెట్టాలా, మసక వైపు పెట్టాలా అని చాలామంది అడుగుతుంటారు. ఏ వైపు పెట్టినా తిరిగొచ్చే మొత్తం వెలుతురు దాదాపు ఒకటే, మసక వైపు కొంచెం చెదరగొడుతుంది, అంతే.) అసలు సమస్య ఎక్కడుందంటే, ట్యూబ్ నెత్తి మీద చదునుగా ఉన్న ఫాయిల్ పైకి వెళ్లిన వెలుతురుని తిన్నగా కిందికి పంపుతుంది, కింద అడ్డంగా ఉన్నది ట్యూబే. 26 మిల్లీమీటర్ల లావు ట్యూబ్ తన వెలుతురుకి తానే అడ్డుపడుతుంది. తిరిగొచ్చిన వెలుతురు ట్యూబ్ లోపలి తెల్ల పూతకి తగిలి కొంత పోతుంది, కొంత చెదిరి మళ్లీ పైకే వెళ్తుంది. చక్కగా లెక్కగట్టి వంచిన పారబోలా (నాభి దగ్గరి వెలుతురుని ఒకే దిక్కుకి తిప్పే వంపు) రిఫ్లెక్టర్‌లో కూడా ట్యూబ్ పైన 12 మిల్లీమీటర్ల సందు మాత్రమే ఉంటే మొత్తం వెలుతురులో ఇంచుమించు ఆరో వంతు ఇలా ట్యూబ్ మీదికే తిరిగొస్తుంది. అందుకే ఎంత మెరిసే రేకు వాడామన్నది రెండో మాట. ట్యూబ్‌ని తప్పించి వెలుతురుని కిందికి ఎలా పంపుతున్నామన్నదే మొదటి మాట.

ఇక్కడ నీటి సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే రిఫ్లెక్టర్ ఎంత వంచాలో నిర్ణయించేది అదే. నీటి మీద నిటారుగా పడే వెలుతురులో పైనుంచి వెనక్కి పోయేది 2 శాతమే. నిట్టనిలువు గీత నుంచి 60 డిగ్రీల ఏటవాలుగా పడితే 6 శాతం, 80 డిగ్రీల దగ్గర అది 35 శాతం దాకా వెళ్తుంది. అంటే నీటి ఉపరితలాన్ని రాసుకుంటూ వచ్చే వెలుతురు చాలావరకు దండగ. లోపలికి దిగిన వెలుతురు గాజు గోడల్ని తాకినప్పుడు ఇంకో విషయం జరుగుతుంది. నిట్టనిలువు గీత నుంచి దాదాపు 61 డిగ్రీల లోపు వాలుతో నీటిలోకి వచ్చిన కిరణం గోడ దాటి బయటికి పోలేదు, గోడ అద్దంలా పనిచేసి మళ్లీ లోపలికే తిప్పేస్తుంది, అలా అది అడుగు దాకా చేరుతుంది. అంతకన్నా ఏటవాలుగా వచ్చింది గోడ దాటి గదిలోకి పోతుంది. కాబట్టి వెలుతురుని గీత గీసినట్టు నిలువుగా దించక్కర్లేదు, ఆ 61 డిగ్రీల లోపు పడేలా చూసుకుంటే చాలు, మిగతాది ట్యాంకే చూసుకుంటుంది. వెనక గోడకి బయట నల్ల కాగితం టేపుతో అంటించినా ఫర్వాలేదు, మధ్యలో గాలి పొర ఉంటుంది కాబట్టి అద్దం గుణం పోదు. అదే గాజు మీద తిన్నగా నల్ల రంగు పూస్తే పోతుంది. గోడ లోపలివైపు నాచు పట్టినా పోతుంది, అందుకే మొక్కల ట్యాంకులో గాజు తుడవడం అందం కోసమే అనుకోకండి.

ఇక దేంతో చెయ్యాలి అన్నది. నా ఎంపిక అర మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు. గట్టి కత్తెరకి తెగుతుంది, చెక్క అంచు మీద పెట్టి చేత్తో వంచితే వంగుతుంది, వంచిన తర్వాత అలాగే నిలుస్తుంది. మామూలు రేకు పైభాగం కాస్త మసకగా ఉంటుంది కాబట్టి వంచే ముందు దాని మీద వెనక జిగురున్న మెరిసే ఫిల్మ్ గానీ అల్యూమినియం టేపు గానీ ముడతల్లేకుండా అంటించుకోవచ్చు. మెరుగుపెట్టిన రేకు దొరికితే అంటించే పనే లేదు. స్టీలు రేకు వద్దు, కంటికి తళతళలాడుతుంది గానీ పడిన వెలుతురులో మూడో వంతుకి పైగా మింగేస్తుంది. వెండి రంగు స్ప్రే కూడా వద్దు, మంచి తెల్ల పెయింటు దానికంటే ఎంతో మేలు. అద్దం ముక్కల గురించి అడిగారు కదా: బరువు, పగిలితే నీళ్లలో గాజు పెంకులు, వెలుతురు గాజుని రెండుసార్లు దాటాలి, పైగా వెనక పూత ఆవిరికి నల్లబడి ఊడిపోతుంది. ప్లాస్టిక్ మూతకి అద్దాలు అంటించి నీళ్ల మీద వేలాడదీయడం నాకు అసలు నచ్చని పని.

అత్యవసర దుప్పట్లలో వాడే పల్చటి మెరిసే ఫిల్మ్ మంచిదే, కాకపోతే దానికి వెనక గట్టి ఆధారం కావాలి. పీవీసీ పైపుని నిలువునా చీల్చి లోపల అది అంటిస్తే సముద్రపు నీటి ట్యాంకులకి బాగుంటుంది. అక్కడ ఉత్త అల్యూమినియం ఎక్కువ కాలం నిలవదు. ఉప్పు తుంపర పడి ఎండిన చోటల్లా గుంటలు పడి తెల్లటి పొడి రాలుతుంది, ఆ పొడి నీళ్లలో పడకూడదు. నేను ఒక ఉప్పునీటి ట్యాంకుకి ఎంతో శ్రద్ధగా రేకు రిఫ్లెక్టర్ చేసి ఏడాది తిరక్కుండానే ఇలా పాడవడం చూశాను, అప్పటి నుంచి అలాంటి చోట ప్లాస్టిక్ ఆధారమే వాడుతున్నాను.

సరే, మీ ట్యాంకుకి కొలతలు. ఇది అచ్చంగా పారబోలా కాదు, పారబోలాకి దగ్గరగా వచ్చే చదును పట్టీలు, మధ్యలో ట్యూబ్ నెత్తి మీదికి దిగే చిన్న గట్టు. గ్రాఫ్ కాగితం మీద అసలు వంపు గీసుకుని చూడాలనుకుంటే టీ8కి సూత్రం చాలా తేలిక: మధ్య నుంచి పక్కకి ఎన్ని మిల్లీమీటర్లు జరిగితే దాని వర్గాన్ని 100తో భాగించండి, అంత కిందికి దిగాలి. 20 పక్కకి జరిగితే 4 కిందికి, 40కి 16, 50కి 25, 70కి 49. ట్యూబ్ మధ్య బిందువు శిఖరం నుంచి సరిగ్గా 25 మిల్లీమీటర్ల కింద ఉండాలి, పారబోలాకి నాభి అదే. దాన్ని నున్నగా వంచడం చేత్తో కష్టం, పైగా నున్నటి వంపు వెలుతురుని సన్నటి పట్టీలా ట్యాంకు మధ్యలోనే దించుతుంది, ముందు వరస మొక్కలకి అన్యాయం జరుగుతుంది. చదును పట్టీలైతే కాస్త విస్తరించి పడుతుంది. నేను రెండూ చేసి చూశాను, మొక్కల ట్యాంకుకి పట్టీలే మేలు.

రేకుని రెండు సగాలుగా చెయ్యండి, ఒక్కొక్కటి 100 మిల్లీమీటర్ల వెడల్పు, 560 పొడవు. ట్యూబ్ 590 ఉంటుంది, రెండు చివరలా 15 చొప్పున వదిలేస్తున్నాం, రేకు హోల్డర్ల దగ్గరికి పోకూడదు, ఇందులో రాజీ పడకండి. ఒక్కో సగం మీద ఒక అంచు నుంచి 14 మిల్లీమీటర్ల దగ్గర ఒక గీత, అక్కడి నుంచి 31 దగ్గర ఇంకోటి, అక్కడి నుంచి 45 దగ్గర మూడోది గీసుకోండి. చివర మిగిలే 10 మిల్లీమీటర్లు బయటికి మడిచే అంచు, దానివల్ల రేకు బిగువుగా ఉంటుంది, వేలాడదీయడానికి కూడా అదే పనికొస్తుంది. గీతలు పెన్నుతో గీయండి, కత్తితో లోతుగా గాటు పెడితే వంచినప్పుడు అక్కడే విరుగుతుంది.

ఇప్పుడు మడతలు. రెండు సగాల 14 మిల్లీమీటర్ల పట్టీలు మధ్యలో కలుస్తాయి, అక్కడే ట్యూబ్ వైపు దిగే గట్టు వస్తుంది. కలిసే చోటు నుంచి బయటికి వెళ్లే కొద్దీ ఆ పట్టీ 20 డిగ్రీల వాలుతో పైకి లేవాలి, అంటే గట్టు ఎత్తు సుమారు 5 మిల్లీమీటర్లు. ఆ తర్వాతి 31 మిల్లీమీటర్ల పట్టీ అడ్డగీత నుంచి 28 డిగ్రీలు కిందికి వాలాలి, దాని తర్వాతి 45 మిల్లీమీటర్ల పట్టీ 48 డిగ్రీలు. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే కంగారు పడక్కర్లేదు. అట్ట మీద ఈ ఆకారం గీసి కత్తిరించి మూస చేసుకోండి, రేకు వంచుతూ మూస పెట్టి చూసుకుంటే ప్రొట్రాక్టర్‌తో కుస్తీ పట్టే పని ఉండదు. నేనైతే ముందు మొత్తం రిఫ్లెక్టర్‌నే అట్టతో చేసి మూతలో పడుతుందో లేదో చూసుకుంటాను, ఎన్నోసార్లు చోక్ గానీ మూత మడతలు గానీ అడ్డొచ్చి కొలత మార్చాల్సి వచ్చింది.

బిగించినప్పుడు రేకులో అన్నిటికంటే ఎత్తయిన మడత ట్యూబ్ మధ్య బిందువుకి 23 మిల్లీమీటర్ల పైన, గట్టు కొన ట్యూబ్ పైభాగానికి 5 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. బయటి అంచులు ట్యూబ్ మధ్య బిందువుకి 25 మిల్లీమీటర్ల కిందికి వస్తాయి. మొత్తం వెడల్పు మడత అంచులు కాక సుమారు 141. ట్యూబ్ మధ్య నుంచి ఈ అంచుని రాసుకుంటూ పోయే కిరణం వాలు నిట్టనిలువు గీత నుంచి సుమారు 71 డిగ్రీలు, అది మీ ట్యాంకు అంచుకి సరిపోయే లెక్కే, అంటే బయటికి పోయే వెలుతురుని రేకు ఆపుతుంది, ట్యాంకులోకి పోయేదాన్ని ఆపదు. గట్టు వల్ల ట్యూబ్ నెత్తి మీది నుంచి నిటారుగా లేచిన వెలుతురు దాదాపు 40 డిగ్రీలు పక్కకి తిరిగి ట్యూబ్‌ని తప్పించుకుని దిగుతుంది. ఆ 40 డిగ్రీలు ఇందాక చెప్పిన 61 లోపే ఉంది చూడండి, కాబట్టి గాజు దాటి పోయే భయం లేదు.

మీ మూత లోతు చాలకపోతే, అంటే ట్యూబ్‌కీ మూత లోపలి కప్పుకీ మధ్య ఓ సెంటీమీటరే ఉంటే, ఈ శ్రమంతా అక్కర్లేదు. పల్చటి ప్లాస్టిక్ షీటుకి మ్యాట్ తెలుపు పూసి, లేదా తెల్లటి షీటునే కొని, కప్పుకీ పక్క గోడలకీ బిగించండి. తెలుపు వెలుతురుని అన్ని వైపులకీ చెదరగొడుతుంది కాబట్టి కోణం పట్టింపు ఉండదు. పూర్తి రిఫ్లెక్టర్ అంత రాదు, కానీ నల్ల మూత ముందు తేడా కంటికి కనిపిస్తుంది, ఆవిరికి పాడవదు, కరెంటు భయం లేదు. మొదటిసారి చేసేవాళ్లలో చాలామందికి నేను ముందు ఇదే చెప్తాను.

కరెంటు గురించి మాత్రం దయచేసి నెమ్మదిగా చదవండి. మనం నీళ్ల మీద, ఆవిరిలో, కరెంటు పక్కన ఒక లోహపు రేకు పెడుతున్నాం. మొదట్లో నేను కూడా మీలాగే ఫాయిల్ అంటించాను, అది ఒక రాత్రి ఊడి హోల్డర్ మీద వాలింది, దాని మీద ఆవిరి నీటిబొట్లు, పొద్దున లేచేసరికి బ్రేకర్ పడిపోయి ఉంది. బ్రేకర్ ఉంది కాబట్టి అంతటితో పోయింది. లేకపోతే నేను ట్యాంకులో చెయ్యి పెట్టి ఉండేవాణ్ని. అందుకని వదులు ఫాయిల్ ఎక్కడా వద్దు. రేకుకి ఒక ఎర్త్ వైరు బోల్టుతో బిగించండి, అది ఎర్త్ ఉన్న ప్లగ్ దాకా వెళ్లాలి. ట్యాంకు సామాన్లన్నీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే బ్రేకర్) గుండా రావాలి. ప్రతి వైరూ సాకెట్‌లోకి వెళ్లే ముందు ఒకసారి కిందికి వేలాడి పైకి లేవాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది. చోక్‌ని మూతలో నుంచి తీసి పొడి చోట పెట్టగలిగితే ఇంకా మంచిది. ట్యూబ్ చివరలకి రబ్బరు టోపీలున్న నీరు చొరబడని హోల్డర్లు వాడండి. ఎర్త్ వైరు, హోల్డర్ల పని మీ చేతికి అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, రేకు వంచడం మీరు చేసుకోవచ్చు. నీటికీ ట్యూబ్‌కీ మధ్య గాజు పలక తప్పనిసరిగా ఉండాలి. రిఫ్లెక్టర్ అసలు ఆవిరి తగలని పొడి చోట ఉంటే ఏళ్ల తరబడి మెరుపు పోదు, ఎర్త్ దగ్గర తుప్పు పట్టదు.

బిగించడానికి ప్లాస్టిక్ నట్లు, బోల్టులు వాడండి, ఎర్త్ దగ్గరి ఒక్కటి తప్ప. ఇత్తడి వద్దు, అందులోని రాగి ఆవిరి నీటితో కలిసి ట్యాంకులోకి జారితే రొయ్యలకి ప్రమాదం. రేకు అంచులు చాలా పదునుగా ఉంటాయి, ఆకురాయితో రుద్ది నున్న చెయ్యండి, చేతికి తొడుగులు వేసుకోండి. ట్యూబ్ బయటికి తీసినప్పుడు జాగ్రత్త, లోపల పాదరసం ఉంటుంది.

వేడి సంగతి కొందరు మర్చిపోతారు. టీ8 ట్యూబ్ తన చుట్టూ గాలి 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, టీ5 (ఇంకా సన్నటి రకం) అయితే 35 డిగ్రీల దగ్గర, పూర్తిగా వెలుగుతుంది. రిఫ్లెక్టర్ మూసేసిన డబ్బాలా మారి లోపల గాలి బాగా వేడెక్కితే ట్యూబ్ వెలుతురే తగ్గుతుంది, మీరు సంపాదించుకున్నది కొంత అక్కడ పోతుంది. అందుకే పొడవు చివరలు మూసేయకండి, మూతకి వెనక నాలుగు రంధ్రాలు పెట్టండి.

పని చేసిందో లేదో కంటితో తేల్చుకోలేం. మన కన్ను ఎంత వెలుతురుకైనా ఇట్టే సర్దుకుంటుంది. లక్స్ మీటర్ (వెలుతురు కొలిచే పరికరం) ఉంటే మంచిది, లేకపోతే ఫోన్‌లోని లక్స్ యాప్ కూడా ముందూ తర్వాతా పోల్చడానికి చాలు, అది చూపించే అంకె నిజమైనదా కాదా అన్నది పక్కన పెట్టండి. ట్యూబ్ వేసి ఇరవై నిమిషాలు ఆగండి, గదిలో మిగతా లైట్లు తీసేయండి, గాజు పలక మీద కాగితం పరిచి మధ్యలో, ముందు అంచున, వెనక అంచున, రెండు చివరల్లో గుర్తులు పెట్టుకుని ఒక్కో చోట అంకె రాసుకోండి. రిఫ్లెక్టర్ బిగించాక అవే చోట్ల మళ్లీ చూడండి. ఒక్క మధ్యలోనే పెరిగి అంచుల్లో పెరగకపోతే ట్యూబ్ అనుకున్న ఎత్తులో లేదని, లేదా 48 డిగ్రీల పట్టీలు ఎక్కువ వంగాయని అర్థం. మూస పెట్టి సరిచేయండి. కొలిచే ముందు ఆ గాజు పలకని వెనిగర్‌తో ఒకసారి తుడవండి. దాని మీది తెల్లటి ఉప్పు పొర వల్ల మీకు ఇన్నాళ్లూ ఎంత వెలుతురు పోయిందో ఆ రోజే తెలుస్తుంది.

ట్యూబ్ ఎన్నాళ్ల కిందటిదో మీరు రాయలేదు. ఏడాదిన్నర దాటి ఉంటే కొత్తది వేసి అప్పుడు కొలవండి, పాత ట్యూబ్ వెలుగుతూనే ఉంటుంది గానీ ఇచ్చే వెలుతురు తగ్గుతూ వస్తుంది. రెండో ట్యూబ్ ఆలోచన ఎప్పటికైనా మళ్లీ వస్తే, రెండింటి మీదా కలిపి ఒకే చదును రేకు వేయకండి, ఒక్కోదానికి దాని వంపు దానికి ఉండాలి, లేకపోతే ఒకదాని వెలుతురుకి రెండోది అడ్డం. ఎల్ఈడీకి మారాలనుకుంటే ఈ గొడవే లేదు, అది పుట్టుకతోనే ఒకవైపే, సుమారు 120 డిగ్రీల వెడల్పులో వెలుగుతుంది. పక్కలకి పోయే కాస్తా ఆపడానికి తెల్లటి పట్టీలు చాలు.

చివరిగా మీ మొక్కల కోసం ఒక మాట, ఇది నిజంగా పట్టించుకోండి. రిఫ్లెక్టర్ బిగించిన రోజు నుంచే ఇదివరకటిలా పది గంటలు లైటు వేసి ఉంచితే మూడు వారాల్లో గాజు నిండా నాచే. వెలుతురు రెండింతలైతే మొక్కలకి పోషకాలు, కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ మేరకు కావాలి, అవి అందకపోతే మిగిలిన వెలుతురు నాచు వాడుకుంటుంది. ఆరు గంటలతో మొదలుపెట్టి, రెండు వారాలు చూసి, కొత్త ఆకులు బాగా వస్తూ గాజు శుభ్రంగా ఉంటే అరగంట చొప్పున పెంచండి. మీ క్రిప్టోకోరైన్ లాంటివి ఈ మార్పుకి మొదట కొన్ని ఆకులు కరిగించుకోవచ్చు, వేళ్లు గట్టిగా ఉంటే కదపకుండా వదిలేయండి, మళ్లీ చిగురిస్తాయి. చేపలు రెండు మూడు రోజులు మూలల్లో దాక్కుంటే నీటి మీద తేలే మొక్కలు గుప్పెడు వేసి కాస్త నీడ ఇవ్వండి. కొలతలు తీసుకున్నాక ముందువీ తర్వాతివీ రెండు వరసలూ ఇక్కడ పెట్టండి, అంచుల్లో తక్కువ వస్తే ఏ మడత మార్చాలో అంకెలు చూసి చెప్తాను.